ఆల్కో పొగ

అరక్కోణం జంక్షన్‌లో ఇప్పుడు ఇంజిన్ పొగ కంటపడటం అరుదు. అక్కడున్నది కరెంటు ఇంజిన్ల షెడ్డు. కానీ ఈ దారికి పొగతో పాత బంధం ఉంది. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచిన దక్షిణాది తొలి ప్రయాణికుల రైలు ఇటుగానే వెళ్లింది. 1871 నాటికి ఇక్కడ చీలిన లైను రేణిగుంట, కడప, గుత్తి మీదుగా రాయచూరు చేరి బొంబాయి లైనును అందుకుంది. బొగ్గు పొగ పోయాక, కరెంటు తీగలు రాకముందు, ఆ లైను మీద ఒక తరం చూసిన పొగ వేరు. అది డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్ల పొగ.

అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి ఈ ఇంజిన్లు 1962లో దిగాయి. 1964 జనవరి నుంచి వారణాసిలోనే తయారయ్యాయి. ‘వి’ ఆకారంలో 16 సిలిండర్లు, ఒక్కోటి 9 అంగుళాల వెడల్పు, మొత్తం 2,600 అశ్వశక్తి. స్టేషన్‌లో ఊరికే నిలబడితే నిమిషానికి 400 చుట్లు, డ్రైవర్ మీటలో చివరి మెట్టయిన ఎనిమిదో నాచ్‌లో 1,000. బండి కదిలేటప్పుడు ప్లాట్‌ఫారం మొత్తం నల్లబడేది. ఇంజిన్ పాడైందేమోనని జనం అనుకునేవారు. చాలాసార్లు దానికి ఏ జబ్బూ ఉండేది కాదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ డీజిల్ ఇంజిన్‌లో నల్ల పొగ వచ్చేది గాలి చాలక. పడిన నూనెకు తగినంత ఆక్సిజన్ అందకపోతే అందులోని కార్బన్ మసిగా మిగిలి చిమ్నీ పడుతుంది. గాలి చాలేలా చేయడానికే టర్బో. పొయ్యి పొగే తిరిగొచ్చి ఊదుగొట్టం ఊదుతున్నట్టు ఉంటుంది దాని పని: బయటికి పోయే వేడి వాయువులు ఒక చక్రాన్ని తిప్పుతాయి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని లోపలికి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పుచ్చుకున్న ఆలోచన ఇది. చిక్కంతా ఆ వరసలోనే ఉంది. డ్రైవర్ నాచ్ పెంచగానే ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ నూనె పెంచేస్తుంది. టర్బో మాత్రం ముందు పొగ బలంగా వస్తేనే వేగం అందుకుంటుంది. ఆ కొద్ది సెకన్లు నూనె ఎక్కువ, గాలి తక్కువ. ఆల్కో నల్లగా ఊదేది అప్పుడే.

అందుకే డీజిల్ షెడ్డులో పొగ రంగు ఒక్కటే చూసి జబ్బు తేల్చరు. ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అన్నదే అసలు సంగతి. నాచ్ మార్చినప్పుడు వచ్చి తేలిపోతే సరే. ఎనిమిదో నాచ్‌లో నిలకడగా నడుస్తున్నా తగ్గకపోతే వెతకాల్సిందే. ఎయిర్ ఫిల్టర్ పూడుకుందా, టర్బో నుంచి సిలిండర్లకు వెళ్లే దారిలో గాలి ఎక్కడైనా కారిపోతోందా, టర్బో రెక్కలకు మసి పట్టి బరువెక్కిందా? గాలి వైపు అంతా బాగుంటే నూనె వైపు తిరుగుతారు.

ఈ వెతుకులాట లోడ్ బాక్స్ దగ్గర చూడాలి. ఇంజిన్ అంగుళం కదలదు. అది పుట్టించిన కరెంటునంతా ఆ పెట్టె వేడిగా మార్చి ఖర్చు చేస్తుంది. ఒకరు నాచ్ నాచ్ పెంచుతుంటే ఇంకొకరు తలెత్తి చిమ్నీనే చూస్తుంటారు. ఆల్కోలో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఫ్యూయల్ పంపు ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. ఇంజిన్ నిదానంగా నడుస్తుండగా మెకానిక్ ఒక పంపు ర్యాక్‌ను, అంటే నూనె పాళ్లు మార్చే కడ్డీని, వెనక్కి లాగి పట్టుకుంటాడు. సిలిండర్ బాగున్నదైతే ఇంజిన్ ఒక్కసారి కుంటుతుంది, చప్పుడు మారుతుంది. మారకపోతే అది ముందునుంచీ పని ఎగ్గొడుతున్నట్టే. ఏ పంపు ఆపితే పొగ తెరిపినిస్తుందో ఆ సిలిండర్ ఇంజెక్టర్ ఊడదీసి టెస్ట్ బెంచ్ మీద పెడతారు. మంచి నాజిల్ చదరపు అంగుళానికి సుమారు 4,000 పౌండ్ల ఒత్తిడి దగ్గర టప్పున తెరుచుకుని మంచులా చిమ్ముతుంది. అరిగినది మొనకు చుక్క వేలాడేసుకుని కూర్చుంటుంది. ఆ చుక్కే చిమ్నీలో మసి.

నీలి పొగ అంటే కందెన నూనె మండుతోందని. పిస్టన్ రింగులు అరిగితే క్రాంక్‌కేసులో ఉండాల్సిన వాక్యూమ్ కూడా పడిపోతుంది. అది బాగానే ఉంటే టర్బో ఆయిల్ సీలును అనుమానించాలి.

నాకు భయం వేసేది తెల్ల పొగ. చలి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వస్తే అది కాలని డీజిల్, వేడెక్కాక పోతుంది. వేడెక్కాకా వస్తూ, ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో నీటి మట్టం తగ్గుతోందంటే సిలిండర్ హెడ్ పగిలిందో, లైనర్ దగ్గర కారుతోందో. ఆగిన ఇంజిన్‌లో ఆ నీరు పిస్టన్ మీద నిలిచిందా, స్టార్ట్ చేసిన మరుక్షణం కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, నీరు నలగదు కదా. అందుకే అనుమానం ఉన్నప్పుడు సిలిండర్ల టెస్ట్ కాక్‌లు తెరిచి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి, ఏ రంధ్రం నుంచి తడి చిమ్ముతుందో చూశాకే మీట నొక్కుతారు. కందెన నూనెను షెడ్డు ల్యాబ్‌లో పరీక్షిస్తే ఈ సంగతి ఇంకా ముందే తెలుస్తుంది. రేడియేటర్ నీటిలో కలిపే మందుల జాడ నూనెలో పెరిగితే ఎక్కడో నీరు దిగుతున్నట్టే.

ఆల్కో 1969లో రైలింజిన్ల తయారీ మానేసింది. వారణాసి మాత్రం ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆ రకం ఇంజిన్లనే చేస్తూ వచ్చింది. 1999లో జనరల్ మోటార్స్ ఇంజిన్లు వచ్చాయి. వాటిలో టర్బో పొగ కోసం ఎదురుచూడదు. వేగం తక్కువున్నంతసేపు ఇంజినే గేర్లతో దాన్ని తిప్పుతుంది, పొగ బలం చాలాక క్లచ్ వదిలేస్తుంది. ఆల్కోకు మాఫీ చేసిన ఆ కొద్ది సెకన్ల నల్ల పొగ వీటికి మాఫీ కాదు. నాచ్ పెంచగానే నల్లగా ఊదిందంటే ముందు చూసేవాటిలో ఆ క్లచ్ ఒకటి.