ఆ బిట్టు రాదు సార్!

అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న నా పాత విద్యార్థి ఒకడు ఈమధ్య పంజగుట్టలోని మా ఇంటికి వచ్చాడు. "కళింగ యుద్ధం ఎప్పుడు జరిగిందయ్యా?" అంటే, "క్రీస్తుపూర్వం 261" అని తడుముకోకుండా చెప్పాడు. "మరి గెలిచినవాడు ఎందుకు విచారించాడు?" అన్నాను. కుర్రవాడు బుర్ర గోక్కుని, "ఆ బిట్టు రాదు సార్!" అన్నాడు.

నవ్వాను గాని, లోపల ఎక్కడో చివుక్కుమంది.

నాకు అశోకుణ్ణి మొదట చూపించింది పుస్తకం కాదు, టీవీ. 1988లో మా వాటాలో టీవీ లేదు. ఇంటివారి హాల్లో ఉండేది. ఆదివారం ఉదయం మహాభారతం వేళకు చాపమీద జాగా దొరికేది కాదు. అది కాగానే ఒక్కొక్కరే లేచిపోయేవారు. తరువాత "భారత్ ఏక్ ఖోజ్"కు నాన్నగారూ, నేనూ, హిందీని తెలుగు చేసి చెప్పే పొరుగింటి మాస్టారూ మిగిలేవాళ్ళం. ఓంపురి ఒకప్పుడు అశోకుడు, మరికొన్నాళ్ళకు ఔరంగజేబు! అదెలాగని నేను తగవు పెట్టుకుంటే, "మనిషి ఒక్కడేరా, వేషాలే వేరు" అనేవారు నాన్నగారు.

నెహ్రూగారు అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉండి రాసిన గ్రంథాన్ని 53 భాగాలుగా తీసిన శ్యామ్ బెనెగళ్ మన తిరుమలగిరిలో పుట్టి, నిజాం కాలేజీలో చదువుకున్నవారే. 2024 డిసెంబరులో కన్నుమూశారు. చాపమీద ఎందరు మిగిలారో లెక్కపెట్టి కార్యక్రమాన్ని ఆపేసే పద్ధతి అప్పటికింకా రాలేదు కాబోలు, ఆ 53 భాగాలూ నిక్షేపంగా సాగాయి. అసలు మన పల్లెలకు టీవీ వచ్చిందే నాలుగు మంచి విషయాలు నేర్పడానికి. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు చదువూ, సేద్యమూ, ఆరోగ్యమూ చెప్పారు. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

తరువాత ఛానళ్ళు పెరిగాయి, ప్రకటనలు పెరిగాయి, ప్రేక్షకుల లెక్కే రాజ్యమేలింది. 2011లో చరిత్ర పేరు పెట్టుకున్న ఛానలే తెలుగులో వచ్చింది. ఆశగా పెట్టి చూద్దును గదా, అమెరికాలో తాకట్టు కొట్టువాడి బేరాలు! ఇప్పుడు ప్రభుత్వం వారి టీ-శాట్‌లో పాఠాలు వస్తున్నాయి. మంచిదే. కాని అవి పరీక్షకు కూర్చునేవారికి. చాపమీద కూర్చునే ఇంటిల్లిపాదికీ ఏదీ?

పాత భాగాలు ఫోనులో దొరుకుతున్నాయి. ఆ పూట కుర్రవాడికి అశోకుడి కథ పెట్టి చూపించాను. అయ్యాక కాసేపు మాట్లాడలేదు. ఆనక, "సార్, అంత బాధపడినవాడు కళింగాన్ని తిరిగి ఇచ్చేశాడా?" అన్నాడు.

"ఇవ్వలేదు. లక్షమంది చచ్చారని తానే శాసనం చెక్కించాడు. అది మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండమీద ఉంది. కళింగంలో మాత్రం చెక్కించలేదు."

"ఎందుకు సార్?"

నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టి తేల్చే ప్రశ్న కాదది. లేచి, ఇద్దరికీ మళ్ళీ కాఫీ కలిపాను.