పాఠం 12: రవాణా కంపెనీ షేరు – ధర ఎక్కువా? తగినదేనా?

12.1 పరిచయం

ఇంతకు ముందు పాఠాల్లో పొదుపు అంటే ఏమిటో, బ్యాంకు డిపాజిటు మీద వడ్డీ ఎలా లెక్క కట్టాలో తెలుసుకున్నారు. ఈ పాఠంలో షేర్ల గురించి ఒక్క ప్రశ్ననే పట్టుకుని చివరి వరకు చూద్దాం. ఒక కంపెనీ మంచిదని అందరూ అంటున్నారు. దాని షేరు ధర రోజూ పేపర్లో పడుతోంది. ఆ ధర పెట్టి కొనవచ్చా?

సంత‌లో వంకాయలు కొనేటప్పుడు మీరు రెండు పనులు చేస్తారు. కాయ పుచ్చా, మంచిదా అని చూస్తారు. తరువాత కిలో ఎంత అని అడుగుతారు. కాయ ఎంత లేతదైనా అడిగినంత ఇచ్చి రారు. షేర్ల దగ్గరకు వచ్చేసరికి చాలామంది మొదటి పని చేసి రెండవది మరచిపోతారు. నెలల తరబడి దాచిన డబ్బు, పిల్లల ఫీజుల కోసం ఉంచిన డబ్బు అలా చేజారుతుంది.

ఉదాహరణకు లారీ, పార్సెల్ రవాణా కంపెనీలను తీసుకుందాం. వీటిలో చాలా వాటి ప్రధాన కార్యాలయాలు ఢిల్లీ పక్కనే ఉన్న గురుగ్రామ్‌లో ఉన్నాయి. విమానాశ్రయం, జైపూర్ వైపు వెళ్లే జాతీయ రహదారి, మానేసర్ కర్మాగారాలు దగ్గరగా ఉండడం అందుకు అనుకూలించింది.

12.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• షేరు ధరకు, కంపెనీ విలువకు తేడా చెప్పగలుగుతారు.
• ధర–ఆర్జన నిష్పత్తిని లెక్క కట్టగలుగుతారు.
• ఒక ధర నిజం కావాలంటే ముందు ముందు ఏమి జరగాలో వెనుక నుంచి లెక్క వేయగలుగుతారు.
• లారీ వ్యాపారంలో లాభం ఎందుకు పెరుగుతూ తగ్గుతూ ఉంటుందో వివరించగలుగుతారు.

12.3 ఒక లారీ లెక్క

మీ ఊళ్లో ఒకరు పాత లారీ అమ్ముతున్నారనుకోండి. డీజిలు, టోలు, టైర్లు, డ్రైవరు జీతం, బీమా, మరమ్మతులు, బండి అరుగుదల అన్నీ పోగా ఏడాదికి 2.5 లక్షలు మిగులుతుంది. అమ్మేవారు 20 లక్షలు అడిగారు. అంటే ఏడాది మిగులుకు 8 రెట్లు. అదే లారీకి 60 లక్షలు అడిగితే 24 రెట్లు అవుతుంది. లారీ మారలేదు, మిగులూ మారలేదు. మారింది ధర ఒక్కటే.

60 లక్షలు ఇవ్వడం తెలివైన పని కావాలంటే మిగులు బాగా పెరగాలి. "కొత్త కాంట్రాక్టు వస్తుంది, కిరాయి రెట్టింపు అవుతుంది" అని అమ్మేవారు చెబుతారు. కావచ్చు. అయితే అప్పుడు మీరు కొంటున్నది లారీని మాత్రమే కాదు, రాబోయే కాంట్రాక్టును కూడా. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్లు కాకుండా చూసుకోవాలి.

షేరు అంటే కంపెనీలో చిన్న భాగం. కాబట్టి లారీకి చేసిన లెక్కే షేరుకూ చేయాలి.

12.4 ధర–ఆర్జన నిష్పత్తి

ముందుగా కంపెనీ ఏడాది నికర లాభాన్ని మొత్తం షేర్ల సంఖ్యతో భాగించండి. ఒక్కొక్క షేరు సంపాదించినది ఎంతో తెలుస్తుంది. షేరు ధరను ఈ సంపాదనతో భాగిస్తే ధర–ఆర్జన నిష్పత్తి వస్తుంది. వ్యాపార పత్రికల్లో దీనినే పి.ఇ. అని రాస్తారు.

ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1958లో మొదలైన పాత కంపెనీ. దాని ప్రధాన కార్యాలయం గురుగ్రామ్‌లో, నమోదిత కార్యాలయం సికింద్రాబాదులో ఉన్నాయి. 2023–24లో దాని అమ్మకాలు సుమారు 4,000 కోట్లు, నికర లాభం సుమారు 350 కోట్లు. షేర్లు సుమారు 7.8 కోట్లు.

ఒక్కొక్క షేరు సంపాదన = 350 ÷ 7.8 = సుమారు 45 రూపాయలు
2024లో ఆ షేరు ధర 1,000 రూపాయలకు కొంచెం అటూ ఇటూగా తిరిగింది.
నిష్పత్తి = 1,000 ÷ 45 = సుమారు 22

అంటే ఒక రూపాయి లాభానికి కొనేవారు 22 రూపాయలు ఇచ్చారు. ఈ 22ను గుర్తుంచుకోండి. తరువాతి ఉదాహరణకు ఇదే కొలబద్ద.

గమనిక: షేరు ధర 1,000 రూపాయలు కనుక ఖరీదైనదని, 50 రూపాయలు కనుక చవకైనదని అనుకోకూడదు. ఒకే రొట్టెను నాలుగు ముక్కలు చేసినా నలభై ముక్కలు చేసినా రొట్టె అంతే ఉంటుంది. ముక్క ధర చూడకండి. ముక్కలో ఎంత రొట్టె ఉందో చూడండి.

పాఠ్యగత ప్రశ్నలు 12.1
1. ఒక కంపెనీకి 10 కోట్ల షేర్లు ఉన్నాయి. నికర లాభం 80 కోట్లు. షేరు ధర 240 రూపాయలు. ధర–ఆర్జన నిష్పత్తి ఎంత?
2. అదే కంపెనీ మొత్తం మార్కెట్ విలువ ఎంత?

12.5 నిజమైన ఉదాహరణ: డెల్హివరీ

డెల్హివరీ 2011లో గురుగ్రామ్‌లో మొదలైంది. ఇంటింటికీ పార్సెళ్లు చేరవేయడం దాని ప్రధాన వ్యాపారం. దానితో పాటు లారీల మీద వ్యాపారుల సరుకు కూడా రవాణా చేస్తుంది. 2022 మే నెలలో ఇది తొలిసారి ప్రజలకు షేర్లు అమ్మింది. పై ధర షేరుకు 487 రూపాయలు. మొత్తం సుమారు 72 కోట్ల షేర్లు.

మార్కెట్ విలువ = 487 × 72 కోట్లు = సుమారు 35,000 కోట్లు

ఇప్పుడు లాభం చూద్దాం. 2021–22లో కంపెనీ అమ్మకాలు సుమారు 6,880 కోట్లు. లాభం లేదు. సుమారు 1,010 కోట్ల నష్టం వచ్చింది. నష్టంలో ఉన్న కంపెనీకి ధర–ఆర్జన నిష్పత్తి కట్టలేము. అప్పుడు మార్కెట్ విలువను అమ్మకాలతో పోల్చి చూస్తారు. 35,000 ÷ 6,880 = సుమారు 5. ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్‌కు ఇదే లెక్క వేస్తే సుమారు 2 వస్తుంది.

అయినా ఎందుకు కొన్నారు? అంతకు ముందు ఏడాది అమ్మకాలు సుమారు 3,650 కోట్లే. ఒక్క ఏడాదిలో దాదాపు రెట్టింపు అయ్యాయి. ఇలాగే పెరుగుతుందని కొనేవారు నమ్మారు. అయితే ఆ పెరుగుదలలో ఒక భాగం 2021లో స్పాటాన్ అనే మరో రవాణా కంపెనీని కొనడం వల్ల వచ్చింది. కరోనా కాలంలో జనం ఇంట్లో కూర్చుని సరుకులు తెప్పించుకోవడం మరొక కారణం. ఈ రెండూ ఏటేటా జరిగేవి కావు. పెరుగుదల అంకె చూసినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో తప్పక అడగాలి.

12.6 వెనుక నుంచి లెక్క

"విలువ ఎంత?" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క జవాబు చెబుతారు. ప్రశ్నను తిప్పి వేద్దాం: 35,000 కోట్లు సరైన ధర కావాలంటే ఏమి జరగాలి?

మొదటి మెట్టు: నిలకడగా లాభం తెచ్చే రవాణా కంపెనీకి 22 రెట్లు ఇచ్చారు కదా. ఇది వేగంగా పెరిగే కంపెనీ కనుక 25 రెట్లు ఇద్దాం. 35,000 ÷ 25 = 1,400 కోట్లు. ఏడాదికి ఇంత లాభం రావాలి.

రెండవ మెట్టు: ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్‌కు వంద రూపాయల అమ్మకం మీద సుమారు 9 రూపాయలు మిగిలింది. అదే మిగులుతో 1,400 కోట్ల లాభం రావాలంటే అమ్మకాలు సుమారు 15,500 కోట్లు ఉండాలి. అంటే అమ్మకాలు రెండింతలు దాటాలి, నష్టం పోయి మంచి లాభం రావాలి. రెండూ జరగాలి.

మూడవ మెట్టు: ఇందుకు ఎన్నేళ్లు పడుతుంది? పదేళ్లు పడితే 1,400 కోట్లు కూడా చాలవు. ఏడు శాతం చక్రవడ్డీకి వేసిన డబ్బు పదేళ్లలో దాదాపు రెట్టింపు అవుతుంది. షేరు కూడా కనీసం అంత ఇవ్వాలంటే లాభం 2,800 కోట్లకు చేరాలి. వేచి ఉండడానికి కూడా ఖరీదు ఉంది.

జరిగింది ఏమిటి? 2022 జులైలో షేరు ధర 700 దాటింది. తరువాత దిగింది. 2022–23లో మళ్లీ వెయ్యి కోట్లకు పైగా నష్టం వచ్చింది. 2023–24లో నష్టం సుమారు 250 కోట్లకు తగ్గింది. 2024–25లో సుమారు 8,930 కోట్ల అమ్మకాల మీద 162 కోట్ల లాభం వచ్చింది. మొదటిసారిగా పూర్తి ఏడాది లాభం చూపింది. అయినా 2025 మార్చిలో షేరు ధర 300 రూపాయల కంటే తక్కువ.

ఈ విషయాన్ని జాగ్రత్తగా గమనించండి. కంపెనీ చెడిపోలేదు. అమ్మకాలు పెరిగాయి, నష్టం పోయి లాభం వచ్చింది. కంపెనీ బాగుపడుతుండగానే 487కు కొన్నవారు 2025 మార్చి నాటికి నష్టంలో ఉన్నారు. 2022లో 9,740 రూపాయలు పెట్టి 20 షేర్లు కొన్నవారి చేతిలో 2025 మార్చిలో 6,000 కూడా లేవు. అదే డబ్బును ఐదున్నర శాతం చక్రవడ్డీకి డిపాజిటు చేసి ఉంటే మూడేళ్లకు సుమారు 11,400 అయ్యేది. కంపెనీ సాధించబోయే మంచిని ధర ముందుగానే లెక్కలోకి తీసుకుంది. అంతకు మించి కూడా తీసుకుంది.

ఇంకొక విషయం. 2024–25లో ఆ కంపెనీకి వడ్డీ మొదలైన ఇతర ఆదాయం 400 కోట్లకు పైగా ఉంది. అంటే 162 కోట్ల లాభం కంటే ఎక్కువ. ఆ ఆదాయం తీసేస్తే రవాణా పని మీద మాత్రమే లాభం మిగలదు. లాభం అంకెతో పాటు ఆ లాభం ఏ పని మీద వచ్చిందో కూడా చదవాలి.

12.7 లారీ వ్యాపారం స్వభావం

రవాణా కంపెనీల లెక్కలో ఈ నాలుగు విషయాలు గుర్తుంచుకోవాలి.

(అ) ఖర్చు ముందు, కిరాయి తరువాత: డీజిలు ధర పెరిగిన రోజే ఖర్చు పెరుగుతుంది. కిరాయి పెంచాలంటే సరుకు యజమాని ఒప్పుకోవాలి. మధ్యలో లాభం కరుగుతుంది.

(ఆ) తిరుగు సరుకు: ఢిల్లీ నుంచి హైదరాబాదుకు నిండుగా వచ్చిన లారీ ఖాళీగా తిరిగి వెళితే, ఒక కిరాయితో రెండు ప్రయాణాల ఖర్చు భరించాలి.

(ఇ) పోటీ: దేశంలో చాలా లారీలు ఒకటి రెండు బండ్ల యజమానులవే. కిరాయి బాగున్నప్పుడు వారంతా కొత్త బండ్లు కొంటారు. బండ్లు ఎక్కువై కిరాయి పడిపోతుంది. అందువల్ల మంచి ఏడాది లాభంతో కట్టిన నిష్పత్తి తక్కువగా కనిపించి మోసగిస్తుంది. ఐదారేళ్ల సగటు లాభం తీసుకోండి.

(ఈ) నిబంధనలు: చలికాలంలో కాలుష్యం తీవ్రమైతే ఢిల్లీలోకి లారీల రాకపై ఆంక్షలు పెడతారు. మరోవైపు 2017 జులైలో జి.ఎస్.టి. రావడంతో రాష్ట్ర సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టుల వద్ద నిరీక్షణ తగ్గింది. నిబంధన ఒకసారి నష్టం చేస్తుంది, ఒకసారి మేలు చేస్తుంది.

కొత్త ఆలోచన ఒక్కటే చాలదని గురుగ్రామ్‌లోనే మరొక ఉదాహరణ ఉంది. 2014లో మొదలైన రివిగో కొన్ని గంటలకొకసారి డ్రైవరును మార్చే పద్ధతి తెచ్చింది. బండి ఆగదు, డ్రైవరు ఇంటికి చేరతాడు. పెట్టుబడిదారులు ఒక దశలో ఆ కంపెనీకి వంద కోట్ల డాలర్లకు పైగా విలువ కట్టారు. 2022లో దాని ఎక్స్‌ప్రెస్ సరుకు రవాణా వ్యాపారాన్ని మహీంద్రా లాజిస్టిక్స్ 225 కోట్ల రూపాయలకు కొన్నది.

12.8 రెండవ పక్షం వాదన

న్యాయంగా తూచాలంటే రెండు తట్టలూ చూడాలి. డెల్హివరీ 2022లో కొత్త షేర్ల ద్వారా 4,000 కోట్లు సేకరించింది. కంపెనీ చేతిలో ఉన్న నగదు కూడా విలువలో భాగమే. పార్సెళ్లను వేరు చేసే కేంద్రాలకు, యంత్రాలకు ఖర్చు ఒకసారే అవుతుంది. అదే దారిలో పార్సెళ్లు పెరిగితే ఒక్కొక్క దానిపై ఖర్చు తగ్గుతుంది. ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్‌కు ఓడలు కూడా ఉన్నాయి. రెండింటి వ్యాపారం పూర్తిగా ఒకటి కాదు. కాబట్టి 22, 25 అనే అంకెలు ఉజ్జాయింపు మాత్రమే.

అందువల్ల "ధర ఎక్కువ" అంటే కంపెనీ చెడ్డదని కాదు. ఆ ధరకు కావలసినంత ఎదుగుదల జరిగే అవకాశం తక్కువగా ఉందని అర్థం. ఈ పాఠం ఏ షేరునూ కొనమని గానీ అమ్మమని గానీ చెప్పదు. లెక్క వేయడం నేర్పుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు 12.2
1. 2024–25లో డెల్హివరీ ఒక్కొక్క షేరు సంపాదన సుమారు 2 రూపాయల 20 పైసలు. 487 రూపాయలకు కొన్నవారు లాభానికి ఎన్ని రెట్లు ఇచ్చినట్లు?
2. సరైన దానికి గుర్తు పెట్టండి: కిరాయిలు బాగా పెరిగిన ఏడాది లాభంతో నిష్పత్తి కడితే షేరు (చవకగా / ఖరీదుగా) కనిపిస్తుంది.

12.9 మీరు నేర్చుకున్నవి

• మంచి కంపెనీ వేరు, మంచి ధర వేరు. రెండూ విడివిడిగా చూడాలి.
• షేరు ధర రూపాయల్లో ఎంత అన్నది కాక, లాభానికి ఎన్ని రెట్లు అన్నది ముఖ్యం.
• ధర నిజం కావాలంటే ఎంత లాభం, ఎంత అమ్మకం, ఎన్నేళ్లు కావాలో వెనుక నుంచి లెక్క వేయాలి.
• కంపెనీ వార్షిక నివేదికలో లాభనష్టాల పట్టిక చూడండి. ఇతర ఆదాయాన్ని విడిగా గుర్తించండి.
• "ఇది తప్పక పెరుగుతుంది" అని ఫోనులో చెప్పేవారిని సెబీ వద్ద నమోదు అయ్యారా అని అడగండి. నమోదు అయినవారైనా లాభం వస్తుందని హామీ ఇవ్వకూడదు.
• ఏడాది రెండేళ్లలో అవసరమయ్యే డబ్బును షేర్లలో పెట్టకండి.

12.10 పాఠాంత ప్రశ్నలు

1. కంపెనీ బాగుపడినా షేరు కొన్నవారు నష్టపోవచ్చు. ఉదాహరణతో వివరించండి.
2. ఒక లారీ కంపెనీ మార్కెట్ విలువ 6,000 కోట్లు. 20 రెట్లు తగిన ధర అనుకుంటే ఎంత లాభం రావాలి? వంద రూపాయల అమ్మకం మీద 5 రూపాయలు మిగిలితే అమ్మకాలు ఎంత ఉండాలి?
3. మీకు తెలిసిన లారీ లేదా ఆటో యజమానిని అడిగి ఏడాది ఆదాయం, ఖర్చులు రాయండి. ఆ బండి ధర మిగులుకు ఎన్ని రెట్లో లెక్క కట్టండి.

జవాబులు

12.1: 1. షేరు సంపాదన 8 రూపాయలు, నిష్పత్తి 30. 2. 2,400 కోట్లు.
12.2: 1. సుమారు 220 రెట్లు. 2. చవకగా.
పాఠాంత ప్రశ్న 2: లాభం 300 కోట్లు, అమ్మకాలు 6,000 కోట్లు.