ఉప్పు పట్టి ఉంచిన చమురు

భూగర్భంలో తయారైన చమురు తయారైన చోటే ఉండిపోదు. నీటికన్నా తేలిక కాబట్టి, తడి రాళ్ల సందుల్లోంచి పైకి పాకుతుంది. అడ్డేదీ తగలకపోతే చివరికి నేలమీదికో సముద్రంలోకో ఊరిపోతుంది. అడ్డు తగిలి ఆగిన చమురే మనిషికి దక్కుతుంది. అటువంటి అడ్డుల్లో ఉప్పంత గట్టిది అరుదు.

మెక్సికో సింధుశాఖ అడుగున ఉన్న లువాన్ ఉప్పు పొర జురాసిక్ యుగం నాటిది. సముద్రపు నీరు పదేపదే చేరి ఆవిరైపోగా మిగిలింది. ఆ తర్వాత కోట్ల ఏళ్లపాటు నదులు తెచ్చిన ఇసుక, ఒండ్రు దానిమీద కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. లోతున ఉప్పు కరగకుండానే, గట్టిగా ఉంటూనే, అతి నెమ్మదిగా ప్రవహిస్తుంది. పైబరువు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. జంతికల గొట్టంలో పిండిలా ఉప్పు బరువెక్కువైన చోటునుంచి తక్కువైన చోటికి జరిగి పైకి ఉబుకుతుంది. పైమట్టి అణిగి ఉప్పుకన్నా బరువెక్కడమే దీనికి మూలమని పూర్వం అనుకునేవారు. అదీ తోడ్పడుతుంది గానీ, అసలు తోపు ఎగుడుదిగుడు బరువుదేనని ఇప్పటి శాస్త్రజ్ఞులు ఎక్కువగా నమ్ముతున్నారు.

ఉబికిన ఉప్పు పైపొరలను గుమ్మటంలా వంచుతుంది, పగలగొడుతుంది, పక్కనున్న ఇసుకరాతి పొరల అంచులను పైకెత్తుతుంది. ఆ ఏటవాలు పొరల వెంట ఎక్కివచ్చిన చమురు ఉప్పు గోడకు తగిలి నిలిచిపోతుంది. ఉప్పులో రంధ్రాలు దాదాపు ఉండవు. పగులు పడినా అది మెల్లగా పూడుకుపోతుంది. గుమ్మటం నెత్తిన చమురు నిలిచే మరో చోటుంది. అక్కడ భూగర్భజలం ఉప్పును కరిగించుకుపోగా జిప్సం వంటి ఖనిజాలు మిగులుతాయి. వాటిలో కొంత కాలక్రమాన బోలు సున్నపురాయిగా మారుతుంది.

టెక్సస్‌లోని స్పిండిల్‌టాప్ దిబ్బ కింద చమురు దొరికింది సరిగ్గా ఆ రాతిలోనే. అక్కడ చమురుందని పటిల్లో హిగిన్స్ ఏళ్ల తరబడి పట్టుబట్టాడు. ఉప్పు గుమ్మటాల సంగతి తెలిసిన ఇంజనీరు ఆంథనీ లూకాస్ తవ్వించాడు. 1901 జనవరి 10న, సుమారు 350 మీటర్ల లోతునుంచి చమురు ఎగజిమ్మింది. రోజుకు లక్ష పీపాలని అంచనా. దాన్ని అదుపు చేయడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఉప్పు పైనా పక్కనా ఉన్న చమురును వెతకడంకన్నా ఉప్పు కింద ఉన్నదాన్ని చూడటం కష్టం. భూగర్భాన్ని చూడటానికి పంపే ధ్వని తరంగాలు ఉప్పులో సెకనుకు సుమారు నాలుగున్నర కిలోమీటర్ల వేగంతో పరుగెత్తి, దారి మళ్లి, కిందిపొరల చిత్రాన్ని చెదరగొడతాయి. అందుకే బ్రెజిల్ తీరాన సాంటోస్ బేసిన్‌లో, దాదాపు రెండు కిలోమీటర్ల ఉప్పు కింద దాగిన టూపీ చమురు క్షేత్రం 2006 దాకా బయటపడలేదు. ఉప్పు చుట్టుపక్కల రాళ్లకన్నా వేడిని చాలా బాగా పైకి ప్రసరింపజేస్తుంది. దానివల్ల కింది రాళ్లు కాస్త చల్లగా ఉండి, అంత లోతునా చమురు వాయువుగా విడిపోకుండా నిలుస్తుంది.