వెల్డింగ్ పొగపై తేల్చిన మాట ఆటోనగర్‌కు చేరేదెప్పుడు?

ఆటోనగర్ (విశాఖపట్నం): పొలంలో మోటారు కాలిపోయినా, ట్రక్కు ఇరుసు విరిగినా, పవర్ టిల్లర్ మొరాయించినా మన వైపు రైతుకు ముందుగా గుర్తొచ్చేది గాజువాక దగ్గరి ఆటోనగరే. మోటారు రీవైండింగ్‌కు ఇచ్చి, సాయంత్రం దాకా టీ బడ్డీ దగ్గర కాలక్షేపం చేయడం ఈ విలేకరికీ అలవాటే. అలా కూర్చున్నప్పుడు ఎదురు షెడ్లోకి చూస్తే మన పల్లెల పిల్లలే కనిపిస్తారు. పదో తరగతి తప్పినవాడు ఒకడు, ఇంటర్ మధ్యలో మానేసినవాడు ఒకడు. ఒక చేత్తో నల్లద్దం, మరో చేత్తో హోల్డరు పట్టుకుని పొగలో తల పెట్టి పని చేస్తుంటారు.

మధ్యాహ్నం మిషన్లు ఆగాక అలాంటి కుర్రాడొకడు వచ్చి పక్కన కూర్చుని పాలు అడిగాడు. పాలు తాగితే లోపలికి పోయిన పొగ కడిగేసుకుని పోతుందట. నిజమేనా అన్నా, అని నన్నే అడిగాడు. పేపరువాడికి అన్నీ తెలుస్తాయని వాడి నమ్మకం.

పాలు పోయేది కడుపులోకి, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. పాలు వంటికి మంచివే కానీ, పొగను కడగలేవు. అంతవరకు చెప్పగలిగాను. దీనిపై ఎక్కడైనా పరిశోధన జరిగిందా అంటే, జరిగింది. 2017లో ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిపుణులు కూర్చుని, అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించారు. వెల్డింగ్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగించేదేనని తేల్చి మొదటి వర్గంలో చేర్చారు. 1989లో ఇదే సంస్థ ‘కలిగించే అవకాశం ఉంది’ అని మాత్రమే అంది. డీజిల్ ఇంజను పొగను 2012లోనే మొదటి వర్గంలో చేర్చింది. ఆటోనగర్‌లో ఈ రెండు పొగలూ ఉన్నాయి.

అలాగని పొగ పీల్చిన ప్రతి వెల్డరుకూ జబ్బు వస్తుందని కాదు. మొదటి వర్గం అంటే ‘ఈ వస్తువు వల్ల జబ్బు రాగలదనడానికి సరిపడా రుజువు ఉంది’ అని అర్థం. ఎవరికి ఎంత ప్రమాదం అన్నది ఎన్నేళ్లు, రోజుకు ఎంతసేపు, ఎంత పొగలో ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ తేడా విడమరిచి చెప్పకుండా ‘క్యాన్సర్’ అన్న ఒక్క మాట షెడ్లో వదిలితే కుర్రాళ్లు బెదిరి పని మానేస్తారు, లేదా నవ్వేసి ఊరుకుంటారు. రెండూ మంచివి కావు. ఎదురుగా కూర్చుని, అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపిగ్గా జవాబు చెప్పే మనిషి కావాలి.

ఆ మనిషి ఎక్కడో లేడు. విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాల 1923 నుంచీ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. గాలి, నీరు, లోహాలు, ఊపిరితిత్తులు చదివినవారికి ఈ నగరంలో కొదవ లేదు. వారి గది నుంచి ఈ షెడ్డు దాకా పది పదిహేను కిలోమీటర్లే. ఆ కాస్త దూరం దాటించడానికే కొన్ని దేశాల్లో విశ్వవిద్యాలయాలు ‘చిన్న గ్రాంటు’ అనే ఏర్పాటు చేశాయి.

రెండు కాగితాల దరఖాస్తు

ఇదేమీ లక్షలు, కోట్ల వ్యవహారం కాదు. పరిశోధన చేసేవారు తాము తెలుసుకున్నది ఏ ప్రజలకు చెబుతారో, వారి నుంచి ఏమి వింటారో రాసి చిన్న దరఖాస్తు పెట్టుకుంటారు. విశ్వవిద్యాలయం కొద్దిపాటి సొమ్ము ఇస్తుంది. దానితో సంతలోనో, బడిలోనో, కార్మికుల వాడలోనో సభ పెడతారు. ఇంగ్లాండులో 1985లో రాయల్ సొసైటీ తరఫున బోడ్మర్ అనే శాస్త్రవేత్త అధ్యక్షతన వచ్చిన నివేదిక, తమ పని గురించి ప్రజలకు చెప్పడం శాస్త్రవేత్తల విధి అని గట్టిగా అన్నది. ఆ తర్వాత ఇటువంటి గ్రాంట్లు అక్కడ పెరిగాయి.

మన దేశానికి ఈ ఆలోచన కొత్తేమీ కాదు. 1969లో జాతీయ సేవా పథకం వచ్చింది. బోధన, పరిశోధనలతో సమానంగా విస్తరణ కూడా విశ్వవిద్యాలయాల మూడో బాధ్యత అని యూజీసీ 1977లోనే ప్రకటించింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1979లో ‘ప్రయోగశాల నుంచి పొలానికి’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 1913 నాటి అనకాపల్లి చెరకు పరిశోధన కేంద్రం పుణ్యమా అని కొత్త రకం చెరకు సంగతి మన రైతుకు చేరుతూనే ఉంది. చెరకు గురించి చెప్పడానికి ఊళ్లోకి మనిషి వస్తున్నాడు, రైతు కొడుకు పీల్చే పొగ గురించి చెప్పడానికి ఎవరూ రావడం లేదు.

ఈమధ్య మరికొన్ని అడుగులు పడ్డాయి. కళాశాలలు పల్లెలను దత్తత తీసుకునే ఉన్నత భారత్ అభియాన్ 2014లో మొదలైంది. తమ పరిశోధన గురించి మామూలు మాటల్లో వ్యాసం రాసే పీహెచ్‌డీ విద్యార్థులకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2018లో ‘అవ్‌సర్’ పేరిట బహుమతులు ప్రకటించింది. వంద మందికి తలా 10 వేల రూపాయలు, అందరికన్నా బాగా రాసినవారికి లక్ష. శాస్త్రవేత్తలు ఏడాదికి కనీసం 10 పనిదినాలు సమాజానికి ఇవ్వాలని 2019 ముసాయిదాలో రాసుకున్నారు. శాస్త్రవేత్తల సామాజిక బాధ్యతపై మార్గదర్శకాలు 2022 మేలో విడుదలయ్యాయి. అన్నీ మంచివే. అయితే వ్యాసానికిచ్చే బహుమతి విద్యార్థి జేబులోకి పోతుంది, ఆ విద్యార్థిని ఆటోనగర్ బస్సు ఎక్కించదు.

అదే 10 వేలు సభకు ఇస్తే ఏమవుతుందో అంచనా కట్టి చూశాను. జీపు బాడుగకు 3 వేలు, మైకు, కుర్చీలకు 1,500, తెలుగులో కరపత్రాలకు 2,500, టీ, బిస్కట్లకు వెయ్యి, మిగిలిన 2 వేలతో మంచి రకం ముక్కు మాస్కులు. అటూ ఇటూగా ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది.

వాళ్లు చెప్పేదీ ఉంది

వచ్చినవారు ఉపన్యాసమిచ్చి పోతే సగం పనే అయినట్టు. ఏ రాడ్డుకు పొగ ఎక్కువ, ఏ మూల షెడ్లో గాలి ఆడదు అన్నది ఈ కుర్రాళ్లకే బాగా తెలుసు. జింకు పూత వేసిన పైపులు, రేకులు అతికిన రోజు రాత్రి చలి, జ్వరం వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోవడం వైద్య గ్రంథాల్లో ఉన్న విషయమే. అనుభవించేవాడు మాత్రం ఎండ దెబ్బ అనుకుని ఊరుకుంటాడు. అతికే ముందు పూత, రంగు గీకేయడం, గాలి వీపు వైపు నుంచో పక్క నుంచో వీచేలా నిలబడడం, లేచే పొగలో తల పెట్టకపోవడం, వీలైతే ఆరుబయట పని చేయడం... వీటిలో డబ్బు ఖర్చయ్యేది ఏదీ లేదు. గుడ్డ కట్టుకుంటే చాలనుకోవడం మాత్రం పొరపాటు. పొగలోని సన్నని రేణువులు గుడ్డకు ఆగవు.

ఇంకో సంగతి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు నూటికి ఇన్ని అని మార్కులు వేసింది. ఎక్కువ వస్తే అంత చెడ్డ. 70 దాటిన 43 ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలన్నారు. విశాఖకు 70.82 వచ్చింది. 2010 జనవరిలో అటువంటి చోట్ల కొత్త పరిశ్రమల అనుమతులు కొంతకాలం ఆపేశారు కూడా. గాలి, నీరు, నేల విడివిడిగా చూసి ఈ అంకె కట్టారని చెప్పి, మా ఊరి బావికి దీనికి సంబంధమేమిటో విప్పిచెప్పే సభ నేను తిరిగిన ఊళ్లలో ఒక్కటీ చూడలేదు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి కమ్మి 12 మంది ప్రాణాలు పోయినప్పుడు, ఆ పేరే చాలామంది అంతకుముందు విని ఉండరు. ఏ దిక్కుకు పరిగెత్తాలో, ఇంట్లో నీళ్లు తాగవచ్చో లేదో పాపం ఎవరిని అడగాలి?

మా ఊరికీ ఒకసారి ఓ కళాశాల పిల్లలు వచ్చారు. నాలుగు బావుల నీళ్లు సీసాలకు పట్టి, చీటీలు అంటించి తీసుకెళ్లారు. మేము మజ్జిగ ఇచ్చి పంపాం. ఆ నీళ్లలో ఏముందో ఈనాటికీ కబురు లేదు. పిల్లల తప్పనను. పరీక్షకు డబ్బు ఉండి ఉంటుంది, తిరిగొచ్చి చెప్పడానికి ఉండి ఉండదు. అమెరికాలో పీహెచ్‌డీ చేసి సొంత ఊరు దిమిలికి తిరిగొచ్చి పని చేసిన భాగవతుల పరమేశ్వరరావు గారి వంటివారు నూటికో కోటికో ఒక్కరు. మిగిలినవారికి బస్సు చార్జీ ఇవ్వాలి మరి.

సాయంత్రానికి మోటారు తయారైంది. కుర్రాడు షెడ్డు సర్దుకుంటూ, ఎవరైనా వస్తే పని మధ్యలో మాత్రం రావద్దని చెప్పమన్నాడు. గ్రైండరు మోతలో ఏమీ వినపడదట. దసరా ఆయుధపూజకు ముందు మిషన్లు కడిగే రోజయితే అందరూ ఖాళీగా దొరుకుతారన్నాడు.