మత్తు అంటే షట్‌డౌన్ కాదు

మత్తుమందు ఇస్తే మెదడు స్విచ్ ఆఫ్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ జరగదు. ఏ మందు ఇచ్చారన్న దాన్నిబట్టి మెదడు వేరే వేరే మోడ్‌లలోకి వెళ్తుంది. ఈ సంగతి ఎక్కువగా ఎలుకలు, కుక్కల మీద చేసిన ప్రయోగాల వల్లే తెలిసింది.

మన బరువులో మెదడు వాటా 2 శాతమే. కానీ ఊరికే కూర్చున్నప్పుడు కూడా శరీరం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే పోతుంది. నిల్వ పెట్టుకునే అలవాటు దానికి లేదు, రక్తం ఎప్పటికప్పుడు తెచ్చిపెట్టాల్సిందే. అందుకే ఏ భాగం ఎక్కువ పని చేస్తే అక్కడికి ఎక్కువ రక్తం వెళ్తుంది. సీపీయూ లోడ్ పెరిగితే ఫ్యాన్ స్పీడ్ పెరిగినట్టు అన్నమాట. రాయ్, షెరింగ్టన్ అనే శాస్త్రవేత్తలు 1890లోనే ఈ మాట చెప్పారు.

మరి లోడ్‌ని కొలవడం ఎలా? అమెరికాలో లూయిస్ సోకొలాఫ్ బృందం 1977లో ఒక పద్ధతి ప్రచురించింది. గ్లూకోజ్‌ని పోలిన డీఆక్సీగ్లూకోజ్‌కి రేడియోధార్మిక గుర్తు తగిలించి ఎలుకకి ఎక్కిస్తారు. కణాలు దాన్ని గ్లూకోజే అనుకుని లోపలికి తీసుకుంటాయి, కానీ పూర్తిగా అరిగించుకోలేవు. ఎక్కడ ఎక్కువ పని జరిగితే అక్కడ ఎక్కువ పేరుకుంటుంది. తర్వాత మెదడుని పలచని ముక్కలుగా కోసి ఎక్స్‌రే ఫిల్మ్ మీద చూస్తారు. అంటే ఒక్కో మ్యాప్ వెనక ఒక్కో ఎలుక ప్రాణం ఉంది.

ఇప్పుడు మందుల సంగతి. థయోపెంటాల్ ఇస్తే లోడ్, రక్తప్రవాహం రెండూ తగ్గుతాయి. డోసు పెంచుతూ పోతే ఈఈజీ గీత చదునైపోతుంది. అప్పటికి ఆక్సిజన్ వాడకం దాదాపు సగానికి పడిపోతుంది. ఆ తర్వాత ఎంత మందు ఇచ్చినా ఇంక పెద్దగా తగ్గదని కుక్కల్లో చూశారు. మిగిలిన సగం కణాలు బతికి ఉండటానికి కావాల్సిన ఖర్చు.

ఐసోఫ్లూరేన్ కథ వేరు. లోడ్ తగ్గిస్తుంది గానీ రక్తనాళాల్ని నేరుగా వెడల్పు చేస్తుంది. కాబట్టి డోసు ఎక్కువైతే పని తగ్గినా రక్తం పెరగొచ్చు. కెటమిన్ ఇంకో రకం. ఎలుక కదలకుండా పడి ఉంటుంది, కానీ హిప్పోక్యాంపస్ లాంటి చోట్ల గ్లూకోజ్ వాడకం పెరుగుతుంది! పైగా మత్తులో శ్వాస మందగిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దానివల్ల కూడా నాళాలు వెడల్పవుతాయి.

ఇదంతా మనకెందుకంటారా? ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ న్యూరాన్లని నేరుగా చూడదు, రక్తంలో ఆక్సిజన్ మార్పుల్ని చూస్తుంది. జంతువులు కదలకూడదని చాలాసార్లు మత్తులోనే స్కాన్ చేస్తారు. రేపు మనలో ఎవరైనా ఆ డేటాతో మోడల్ ట్రెయిన్ చేస్తే, అది మెదడుని కాకుండా మందుని నేర్చుకునే ప్రమాదం ఉంది. కాబట్టి మందు పేరు, డోసు, కార్బన్ డయాక్సైడ్ స్థాయి ఉన్న కాలమ్స్‌ని అనవసరం అని డ్రాప్ చేయొద్దు. ఒక ప్రాణి ఖర్చుతో వచ్చిన రీడింగ్‌ని తప్పుగా చదవకుండా ఉండటం మన చేతిలో పనే.