వార్తల్లో పదం: సిస్‌వీ స్క్రిప్టు

2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకుముందు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. పాత చిరునామాతో ఉత్తరం వస్తే ఎవరో ఒకరు చూసి కొత్త దారి పట్టించాలి.

లినక్స్‌లో పాత స్క్రిప్టులకు ఆ పని చేసేది, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాము. కంప్యూటర్ ఆన్ కాగానే సర్వీసులను మొదలుపెట్టే పాతకాలపు ఫైళ్లే సిస్‌వీ స్క్రిప్టులు. 2015లో లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 8 సిస్టమ్‌డీకి మారాక కూడా అవి నడుస్తూనే వచ్చాయి. 2023 జులైలో వచ్చిన సిస్టమ్‌డీ 254వ వెర్షన్ మాత్రం ఈ సదుపాయాన్ని ముందుముందు తీసేస్తామని ప్రకటించింది.

ఈ స్క్రిప్టులతో చిక్కల్లా ఎర్రర్లతోనే. స్క్రిప్టు కళ్లెదుటే ఉంటుంది, తెర మీద మాత్రం ‘అలాంటి ఫైలు లేదు’ అని వస్తుంది. చాలాసార్లు లేనిది ఆ ఫైలు కాదు, దాని మొదటి వరుసలో పేర్కొన్న ప్రోగ్రాము. విండోస్‌లో దిద్దిన ఫైలైతే ఆ వరుస చివర కంటికి కనిపించని అక్షరం ఒకటి అంటుకుంటుంది. లినక్స్ దాన్నీ ప్రోగ్రాము పేరులో కలిపి చదివేస్తుంది. పాపం, కొత్తగా నేర్చుకునేవాళ్లు పూటంతా ఫోల్డర్లు వెతుకుతారు. ‘క్యాట్ -ఏ’ కమాండ్ కొడితే ఆ దాగిన అక్షరం బయటపడుతుంది.

‘డిఫాల్ట్-స్టార్ట్‌లో రన్‌లెవల్స్ లేవు’ అనే మరో ఎర్రరూ తికమక పెట్టేదే. సర్వీసు ఏ రన్‌లెవల్స్‌లో, అంటే ఏ దశల్లో మొదలవాలో చెప్పేందుకు స్క్రిప్టు తలభాగంలో రాయాల్సిన ఎల్‌ఎస్‌బీ (లినక్స్ స్టాండర్డ్ బేస్) వివరాలు చూసుకోవాలి.