బొడ్డుతాడుకూ ఒక బ్యాంకు

లోకం తెలియని వాణ్ణి మనం 'బొడ్డూడని కుర్రాడు' అంటాం. నేను బీహార్‌లో పనిచేసినప్పుడు ఈ మాటకు చుట్టం లాంటిది ఒకటి విన్నాను. బదిలీ ఉత్తర్వు వచ్చినా ఊరు కదలనని భీష్మించిన ఒక గుమాస్తాను మా మేనేజరుగారు, 'ఏం, నీ నాల్ ఇక్కడే పాతారా?' అని ఆటపట్టించారు. నాల్ అంటే బొడ్డుతాడు. అది ఏ నేలలో ఉంటే మనిషి మనసు అక్కడే ఉంటుందని వాళ్ళ లెక్క. ఇరవై ఏళ్ళలో తొమ్మిది ఊళ్ళు తిరిగిన నాలాంటి వాళ్ళ బొడ్డుతాడు ఎక్కడుందో మరి!

మన వైపు పాతేది ముఖ్యంగా మాయను. బిడ్డ తర్వాత గర్భంలోంచి పడే ఆ మాయ ఇంచుమించు అర కిలో బరువు, జానెడు వెడల్పు ఉంటుంది. దాన్ని బిడ్డ బొడ్డుకు కలిపే తాడు 50 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు. అందులో రెండు ధమనులు, ఒక సిర. తొమ్మిది నెలలూ బిడ్డకు ఊపిరి, తిండి అందించి, మలినాలను బయటికి పంపింది ఈ జంటే. మా నాయనమ్మకు ఏడు కాన్పులూ ఇంట్లోనే జరిగాయి. మంత్రసాని బొడ్డు కోసేది, మాయను పాత కుండలో పెట్టి పసుపు కుంకుమ వేసి పెరట్లో పాతేవారు. గొయ్యి మోకాటి లోతుకు తగ్గకూడదని నాయనమ్మ గట్టిగా చెప్పేది. కుక్కలు తవ్వితే బిడ్డకు కీడని ఆవిడ నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, నెత్తుటి ముద్దను లోతుగా పూడ్చడం శుభ్రతకు మంచిదే. ఊడిన బొడ్డును మాత్రం ఎండబెట్టి, వెండి తాయెత్తులో పెట్టి మొలతాడుకు కట్టేవారు. మా చిన్నాన్న తాయెత్తు ఇప్పటికీ మా ఇంటి బీరువాలో, పాత పాస్‌బుక్కుల పక్కనే ఉంది.

ఇప్పుడు పెరడూ లేదు, మంత్రసానీ లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2005-06లో దేశంలో 38.7 శాతం కాన్పులే ఆసుపత్రుల్లో జరిగేవి. 2019-21 నాటికి అవి 88.6 శాతమయ్యాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ సంఖ్య 96 శాతం దాటింది. ఆసుపత్రిలో మాయ పసుపు రంగు సంచిలోకి పోతుంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని కాల్చివేయాలి. కాల్చే వసతి దగ్గరలో లేని మారుమూల చోట్ల లోతుగా పూడ్చవచ్చు. నాయనమ్మ గొయ్యి ఇలా నిబంధనల పుస్తకంలోకి ఎక్కింది.

అయితే ఆ సంచీలోకి పోయే ముందు మాయ చేయాల్సిన ఆఖరి పని ఒకటుంది. దాని గురించి కాన్పు గదిలోకి వెళ్ళే ముందే తెలుసుకోవాలి. బిడ్డ బయటికి వచ్చాక కూడా కాసేపు తాడు కొట్టుకుంటూనే ఉంటుంది. మాయలో మిగిలిన నెత్తురు బిడ్డలోకి దిగుతూ ఉంటుంది. మూడు నిమిషాల్లో అలా దిగేది 80 నుంచి 100 మిల్లీలీటర్లు. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే నెత్తురు పావు లీటరు మాత్రమే అని గుర్తుంచుకుంటే, ఇది ఎంత పెద్ద మొత్తమో అర్థమవుతుంది. అందులోని ఇనుము మొదటి కొన్ని నెలలకు నిల్వగా పనికొస్తుంది. అందుకే కనీసం ఒక నిమిషమైనా ఆగి తాడు కట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2018లో మొదలైన మన 'అనీమియా ముక్త్ భారత్' కార్యక్రమంలోనూ ఈ మాట ఉంది. అయిదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్న దేశంలో ఇది పైసా ఖర్చు లేని మందు. పుట్టీపుట్టగానే ఊపిరి అందని బిడ్డ విషయంలో ఆగడం కుదరదు, ఆ నిర్ణయం డాక్టరుదే. కొందరు పిల్లల్లో పచ్చకామెర్లు కొంచెం ఎక్కువ కావచ్చు, దీపాల కింద ఉంచితే తగ్గుతాయి.

ఇక అసలు కథ. మా అమ్మాయికి ఏడో నెలలో స్కానింగుకు వెళ్ళినప్పుడు ఒక సంస్థ ప్రతినిధి కలిశాడు. బొడ్డుతాడు నెత్తుటిలోని మూలకణాలను ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల చలిలో దాచిపెడతారట. 'ఇది మీ బిడ్డకు జీవిత బీమా సార్, ఈఎంఐ కూడా ఉంది' అన్నాడు. మొత్తం అరవై వేల పైచిలుకు. మా అల్లుడు అప్పటికే ఫోనులో వాయిదాలు లెక్కేస్తున్నాడు. బ్యాంకు, డిపాజిట్, బీమా, వాయిదా, ఈ నాలుగు మాటలూ ఒకే కాగితం మీద కనిపిస్తే మనలాంటి వాళ్ళు ఆగి చదవాల్సిందే. చదివాను.

ఈ వైద్యం బూటకమేమీ కాదు. 1988లో పారిస్‌లో డాక్టర్ ఎలియాన్ గ్లూక్‌మన్ బృందం, ఫ్యాంకోని అనీమియా అనే జబ్బున్న ఒక బాలుడికి అప్పుడే పుట్టిన చెల్లెలి బొడ్డుతాడు నెత్తురు ఎక్కించింది. ఆ కుర్రాడు బతికాడు. కానీ గమనించండి, వాడికి పనికొచ్చింది చెల్లెలి నెత్తురు, తనది కాదు. తలసీమియా లాంటి పుట్టు జబ్బుల్లో లోపం జన్యువులోనే ఉంటుంది కాబట్టి, బిడ్డ సొంత మూలకణాల్లోనూ అదే లోపం ఉంటుంది. ఆ డిపాజిట్‌ను అవసరానికి తీసినా చెల్లని నోటే వస్తుందన్నమాట. దాచుకున్న సొంత నెత్తురు మొదటి ఇరవై ఏళ్ళలో వాడుకునే అవకాశం 2,500 మందిలో ఒకరి నుంచి 2 లక్షల మందిలో ఒకరి వరకు అని పిల్లల వైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018 ప్రకటనలో ఉంది. దీన్ని బీమా అని అమ్మడం తప్పని కూడా అది చెప్పింది. సొంతానికి దాచుకోమని భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు చేయడం లేదు. 2017 మార్గదర్శకాల ప్రకారం తాడు కండ, మాయ, పన్ను వంటివి వ్యాపారంగా దాచడానికి అనుమతే లేదు. ప్యాకేజీలో అవీ కలిపి చూపిస్తే నిలదీసి అడగండి.

ఎప్పుడు దాచాలి? మా పాత శాఖలో ఒక సహోద్యోగి పెద్దబ్బాయికి తలసీమియా. నెలకు రెండుసార్లు రక్తం ఎక్కించేవారు. రెండో కాన్పుకు దాచమని డాక్టరే చెప్పారు, ఆయన దాచారు. ఇంట్లో ఇలాంటి జబ్బు ఉన్న పిల్లవాడో తల్లో తండ్రో ఉంటే దాచుకోమని ఆ సంఘం కూడా గట్టిగా చెబుతోంది. అక్కడ కూడా తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. ఈమధ్య కొన్ని సంస్థలు అందరి నెత్తురూ ఒకే ఖాతాలో వేసి, ఎవరికి కలిస్తే వారికిచ్చే పద్ధతి నడుపుతున్నాయి. మన చిట్టీ లాంటిదే. సొంతానికి మాత్రమే దాచడం కన్నా ఇందులో అర్థం ఉంది. అయితే సంస్థ మూతపడితే మన నమూనా ఎవరి చేతికి పోతుందో ఒప్పందంలో వెతకండి. మన డిపాజిట్లకైతే 5 లక్షల దాకా బీమా ఉంది, ఈ డిపాజిట్లకు లేదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇంకొకటి. సీసా నిండాలంటే తాడు త్వరగా కట్టాలి. ఆలస్యం చేసి బిడ్డకు వదిలితే సీసాలోకి వచ్చేది తగ్గుతుంది. అంటే బిడ్డకు ఈరోజు అందాల్సిన నెత్తురుకూ, రేపు పనికొస్తుందో లేదో తెలియని సీసాకూ మధ్య పోటీ. ఈ సంగతి కరపత్రంలో ఎక్కడా లేదు. మా అమ్మాయికి చెప్పాను, మిగతాది వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. డాక్టరుగారి దగ్గరకెళ్ళి, 'మాకు సీసా వద్దమ్మా, తాడు మాత్రం ఒక నిమిషం ఆగి కట్టండి' అని మా అల్లుడే అడిగాడు.

చివరగా బొడ్డు సంగతి. సాధారణంగా అయిదు నుంచి పదిహేను రోజుల్లో దానంతటదే ఊడిపోతుంది. అంతవరకు పొడిగా, గాలి తగిలేలా, డైపరు అంచు కిందికి మడిచి ఉంచాలి. బూడిద, పసుపు, కొబ్బరి నూనె, ఏదీ పూయకూడదు. ఒకప్పుడు శుభ్రంగా లేని కత్తితో కోయడం వల్ల, ఇలా పూయడం వల్లే పురిటి బిడ్డలకు ధనుర్వాతం వచ్చేది. గర్భిణులకు టీకాలు, ఆసుపత్రి కాన్పులు పెరిగి 2015 నాటికి మన దేశం ఆ జబ్బును అదుపులోకి తెచ్చింది. బొడ్డు చుట్టూ ఎర్రబడినా, చీము పట్టినా, బిడ్డ పాలు మానేసినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బామ్మగారు తాయెత్తు చేయిస్తానంటే కాదనకండి, ఊడిన బొడ్డును బాగా ఆరనిచ్చి పెట్టమనండి. తాయెత్తును బిడ్డ మెడలో మాత్రం వేయవద్దు, నిద్రలో దారం బిగుసుకునే ప్రమాదం ఉంది.